బోటుకు జీపీఎస్, వైర్‌లెస్, ఫిష్ ఫైండర్: ఏది ముందు కొనాలి, ఏది తర్వాత?

సముద్ర వేట లబ్ధిదారులకు అవగాహన పాఠం
(ఫోన్‌లో చదువుకోండి. బోటు మీద పనిచేసే అందరికీ పంపండి. చదవలేని పెద్దవారికి చదివి వినిపించండి.)

ఈ పాఠం ఎవరి కోసం?

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఇంజన్ తెప్ప, ఫైబర్ పడవ, మరబోటు నడిపే మత్స్యకార కుటుంబాల కోసం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రాయితీ మీద సామాను తీసుకునేవారికి, సొంత డబ్బు పెట్టి కొనుక్కునేవారికి ఇద్దరికీ పనికొస్తుంది. ఏ కంపెనీ సామాను కొనాలో ఇందులో చెప్పడం లేదు. ఏం చూసి కొనాలో చెబుతున్నాం.

ముందుగా ఒక్క మాట

కొనే వరుస ఇలా ఉండాలి:

1. ఆపదలో కబురు పంపేది
2. మనం ఎక్కడున్నామో చెప్పేది
3. అడుగు లోతు, చేప చూపించేది
4. మిగతావన్నీ

మనలో చాలామంది మూడో దానితో మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు, చేప పడితేనే కదా ఇల్లు గడిచేది. కానీ డబ్బంతా పెద్ద తెర ఉన్న ఫిష్ ఫైండర్ మీద పెట్టి, ఇంజన్ ఆగిన రాత్రి ఎవరినీ పిలవలేకపోతే ఆ తెర ఎందుకూ పనికిరాదు. అందుకే ఈ వరుస.

1. ఈ వరుస ఎందుకంటే

1996 నవంబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన తుపాను పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు వేటలో ఉన్నవారు వందల మంది తిరిగి రాలేదు. 2017లో ఓఖి తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులకు కూడా ఇలాగే జరిగింది. గాలి ముదిరేసరికి బోట్లు లోపలికి వెళ్లిపోయి ఉన్నాయి. వాళ్లకు హెచ్చరిక అందించే దారి లేకపోయింది.

ఫోన్ ఉంది కదా అనుకోవద్దు. ఫోన్ సిగ్నల్ ఒడ్డు మీది టవరు నుంచి వస్తుంది. పది, పదిహేను కిలోమీటర్లు దాటాక దాన్ని నమ్ముకోలేం.

ఎక్కడున్నామో తెలియకపోతే ఇంకో కష్టం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు పనికి వెళ్లిన మనవాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో ఎక్కువమంది 2020 జనవరిలో గానీ ఇంటికి చేరలేదు. సముద్రం మీద గీత కంటికి కనపడదు. అది తెర మీదే కనిపిస్తుంది, లేదా హెచ్చరిక మోతగా వినిపిస్తుంది.

2. ఏ సామాను ఏం పని చేస్తుంది?

ట్రాన్స్‌పాండర్

కేంద్ర ప్రభుత్వం లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే కార్యక్రమం చేపట్టింది. 364 కోట్ల రూపాయల ఈ కార్యక్రమం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ప్రారంభమైంది. ఇస్రో తయారుచేసిన ఈ పరికరాన్ని మత్స్యకారుడికి ఉచితంగా ఇస్తారు. ఇది ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది కాబట్టి ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు. మనం కబురు పంపవచ్చు, ఒడ్డు నుంచి మనకూ కబురు వస్తుంది. తుపాను హెచ్చరిక, సరిహద్దు హెచ్చరిక దీని మీదకు వస్తాయి. ఫోన్‌లో నభ్‌మిత్ర యాప్ పెట్టుకుంటే కబురు చదవడం, రాయడం తేలిక.

కాబట్టి డబ్బు పెట్టేముందు అడగాల్సిన మొదటి మాట ఇదే: "మా బోటుకు ట్రాన్స్‌పాండర్ వచ్చిందా? ఇంకా రాకపోతే జాబితాలో పేరుందా?" ఉచితంగా వచ్చేదాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవద్దు.

డాట్ (ఆపద సంకేతం పంపే పెట్టె)

ఇది కూడా ఇస్రోదే. చేతిలో పట్టే పెట్టె. బటన్ నొక్కితే మనమున్న చోటు వివరం ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి చేరుతుంది. పాత డాట్‌లో నొక్కడం వరకే మన పని, అవతలివారికి అందిందో లేదో తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండో తరం డాట్‌లో "అందింది" అని జవాబు తిరిగి వస్తుంది. నడిసముద్రంలో ఆ జవాబు మనిషికి ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. పాతది మీ దగ్గరుంటే కొత్తదాని గురించి కార్యాలయంలో అడగండి.

మెరైన్ వీహెచ్‌ఎఫ్ (వైర్‌లెస్)

మాట్లాడే వైర్‌లెస్ ఇది. 16వ చానల్ ఆపద చానల్. తీర రక్షక దళం, పెద్ద ఓడలు, రేవులు ఎప్పుడూ దాన్ని వింటూ ఉంటాయి. ఉపగ్రహ పరికరం కబురు దూరంగా ఉన్న కేంద్రానికి చేరవేస్తుంది. వీహెచ్‌ఎఫ్ మాత్రం పక్కనే ఉన్న బోటును పిలుస్తుంది. ఆపదలో ముందుగా వచ్చి చేరేది చాలాసార్లు ఆ పక్క బోటే.

జాగ్రత్త: మార్కెట్లో చవకగా దొరికే మామూలు వాకీటాకీలు మెరైన్ వీహెచ్‌ఎఫ్ కావు. మన బోట్లలో మనం మాట్లాడుకోవడానికి బాగానే ఉంటాయి గానీ, వాటిలో ఎంత అరిచినా 16వ చానల్ వినేవారికి వినపడదు. పెట్టె మీద "మెరైన్" అని ఉందా, 16వ చానల్‌కు వేరే బటన్ ఉందా చూడండి.

కొన్ని సెట్లలో ఎర్ర మూత కింద డిస్ట్రెస్ బటన్ ఉంటుంది. నొక్కితే మన గుర్తింపు నంబరు, ఉన్న చోటు 70వ చానల్‌లో వాటంతట అవే వెళ్తాయి. అయితే అందులో 9 అంకెల నంబరు ముందే వేయించాలి. మన దేశపు నంబరు 419తో మొదలవుతుంది. సెట్‌కు జీపీఎస్ తీగ కూడా కలిపి ఉండాలి. నంబరు వేయించకపోతే ఆ బటన్ పనిచేయదు. వైర్‌లెస్ లైసెన్సు, ఈ నంబరు ఎలా తీసుకోవాలో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, ఆ పని పూర్తయ్యాకే బోటుకు బిగించండి.

జీపీఎస్, చార్ట్ ప్లాటర్

జీపీఎస్ మనమున్న చోటు చెబుతుంది. చార్ట్ ప్లాటర్ అదే చోటును పటం మీద చూపిస్తుంది. భారత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంకేతాలు కూడా అందుకునే పరికరమైతే ఇంకా మంచిది. మన దేశం చుట్టూ 1500 కిలోమీటర్ల వరకు నావిక్ పనిచేస్తుంది.

జీపీఎస్ ఉంది కదా అని దిక్సూచి తీసేయకండి. బోటు ఆగి ఉంటే మామూలు జీపీఎస్‌కు ముక్కు ఏ వైపు ఉందో తెలియదు. కదులుతుంటేనే చెబుతుంది. బ్యాటరీ పోయినా పనిచేసేది దిక్సూచి ఒక్కటే.

ఫిష్ ఫైండర్ (ఎకో సౌండర్)

బోటు అడుగున ఉన్న గుండు శబ్దాన్ని కిందకు పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్క కడుతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ఇది చేపల గుంపునే కాదు, వల చింపే రాళ్లను, ఇసుక మేటలను కూడా చూపిస్తుంది.

ఏఐఎస్

మన బోటు ఎక్కడుంది, ఎటు పోతోందో చుట్టుపక్కల ఓడలకు చెబుతుంది. ఓడలు ఎటు వస్తున్నాయో మనకు చూపిస్తుంది. 20 మీటర్లు, అంతకంటే పొడవైన చేపల బోట్లకు ఇది తప్పనిసరి. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం ఓడల దారిలో రాత్రిపూట వల వేసే చిన్న బోట్లకూ మేలే. కానీ ఓడ మీద ఉన్నవారు తెర చూస్తున్నారన్న గ్యారంటీ లేదు. లైట్లు, కాపలా మనిషి మానకూడదు.

రాడార్ రిఫ్లెక్టర్

తక్కువ ఖర్చు, ఎక్కువ మేలు. కర్ర పడవ, ఫైబర్ పడవ ఓడ రాడార్‌కు సరిగా కనపడవు. అల్యూమినియం పలకలను అడ్డంగా, నిలువుగా కలిపిన ఈ రిఫ్లెక్టర్‌ను కర్ర చివర కడితే మనం చుక్కగానైనా కనిపిస్తాం. దీనికి కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదీ లేదు.

3. మీ బోటును బట్టి ఎంచుకోండి

ఇంజన్ తెప్ప, చిన్న ఫైబర్ పడవ (పొద్దున్న వెళ్లి సాయంత్రం, లేదా రాత్రి వెళ్లి తెల్లారి వచ్చేవి)

• ట్రాన్స్‌పాండర్ లేదా డాట్
• చేతిలో పట్టే మెరైన్ వీహెచ్‌ఎఫ్: నీటిలో పడితే తేలేది
• చేతిలో పట్టే చిన్న జీపీఎస్
• దిక్సూచి, రాడార్ రిఫ్లెక్టర్, టార్చి
ఈ పడవల్లో అల నెత్తిన పడుతుంది, బ్యాటరీకి పొడి చోటు ఉండదు. అందుకే బిగించే పెద్ద తెరకంటే, మెడలో వేసుకునే చిన్నవే మేలు.

లోపలి ఇంజన్ ఉన్న పెద్ద పడవ (ఒకటి నుంచి మూడు రోజుల వేట)

• పైవన్నీ
• బిగించే 25 వాట్ల వీహెచ్‌ఎఫ్, ఎత్తుగా ఏంటెనా. చేతి సెట్టు విడిగా ఉంచుకోండి
• 5 లేదా 7 అంగుళాల జీపీఎస్, ఫిష్ ఫైండర్ కలిసిన సెట్టు
• సామానుకు వేరే బ్యాటరీ

మరబోటు, సోనా బోటు (వారం, పది రోజులు, ఆపైన)

• పైవన్నీ
• ఏఐఎస్
• రెండో జీపీఎస్: చిన్నదైనా చాలు, వేరే బ్యాటరీ మీద
• వీలుంటే రాడార్
ఇక్కడ ఒకే పెద్ద తెరలో అన్నీ ఉన్న సెట్టు తీసుకోవాలని మనసు లాగుతుంది. అది ఆగిందంటే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఒక పెద్దదానికన్నా రెండు మామూలువి ఎక్కువ ధైర్యం.

4. కొనేముందు వేసుకోవాల్సిన మూడు లెక్కలు

మొదటి లెక్క: వైర్‌లెస్ ఎంత దూరం వినపడుతుంది?

వీహెచ్‌ఎఫ్ దూరం వాట్ల మీద కంటే ఏంటెనా ఎత్తు మీద ఆధారపడుతుంది. ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. రెండు ఏంటెనాలు ఒకదానికొకటి "కనపడాలి".

• రెండు తెప్పల్లో కూర్చున్నవారి చేతి సెట్లు (నీటి మీద 1 మీటరు ఎత్తు): సుమారు 8 కిలోమీటర్లు
• రెండు పడవల మీద 4 మీటర్ల ఎత్తున ఏంటెనాలు: సుమారు 16 కిలోమీటర్లు
• రెండు మరబోట్ల మీద 9 మీటర్ల ఎత్తున: సుమారు 24 కిలోమీటర్లు
• 4 మీటర్ల ఏంటెనా ఉన్న పడవ నుంచి ఒడ్డున 64 మీటర్ల స్తంభానికి: సుమారు 40 కిలోమీటర్లు

ఇవి అన్నీ బాగుంటే వచ్చే దూరాలు. ఏంటెనా తీగ తుప్పు పడితే ఇందులో సగం కూడా రాదు. కాబట్టి ఖరీదైన సెట్టు, పాత ఏంటెనా అనే జోడీ వద్దు. మామూలు సెట్టు, మంచి ఏంటెనా, మంచి తీగ తీసుకోండి. సముద్రంలో చేతి సెట్టు వాడేటప్పుడు లేచి నిలబడి మాట్లాడండి. ఆ కాస్త ఎత్తూ పనికొస్తుంది.

రెండో లెక్క: బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది?

12 వోల్టుల, 75 ఆంపియర్-అవర్ బ్యాటరీ అనుకుందాం. సగానికి మించి ఖాళీ చేస్తే అలాంటి బ్యాటరీ త్వరగా పాడవుతుంది. కాబట్టి మన వాడకానికి ఉండేది సుమారు 37.

ఖర్చు చూడండి:
• 7 అంగుళాల జీపీఎస్-ఫిష్ ఫైండర్: 1.5 ఆంపియర్లు
• వీహెచ్‌ఎఫ్ వింటూ ఉంటే: 0.5 (మాట్లాడేటప్పుడు 5 నుంచి 6 వరకు లాగుతుంది)
• ఏఐఎస్ లాంటి పరికరం: 0.5
• ఎల్‌ఈడీ లైట్లు: 1.5
మొత్తం 4 ఆంపియర్లు. 37ను 4తో భాగిస్తే 9 గంటలు.

అంటే రాత్రి 8 గంటలకు ఇంజన్ ఆగితే, తెల్లవారుజాము 5 గంటలకల్లా మన వైర్‌లెస్ మూగబోయే ప్రమాదం ఉంది. అదే ఇంజన్ ఆగిన వెంటనే ఫిష్ ఫైండర్ కట్టేసి, ఒక్క లైటు, వైర్‌లెస్, ఏఐఎస్ మాత్రమే ఉంచితే ఖర్చు 1.5కు దిగుతుంది. అప్పుడు అదే బ్యాటరీ దాదాపు 24 గంటలు వస్తుంది. మీ సెట్ల మీద రాసిన అంకెలతో ఈ లెక్క మీరే వేసుకోండి. వేసి, ఆపదలో ఏవి కట్టేయాలో స్విచ్‌ల దగ్గర రాసి అంటించండి.

మూడో లెక్క: ఫిష్ ఫైండర్ గుండు ఏది తీసుకోవాలి?

గుండు నుంచి శబ్దం గరాటులా కిందకు విచ్చుకుంటూ పోతుంది. 200 కిలోహెర్ట్జ్ గుండుది సన్న గరాటు. 50 కిలోహెర్ట్జ్‌ది వెడల్పు గరాటు. 40 మీటర్ల లోతులో, అంటే సుమారు 22 బారల నీళ్లలో, 12 డిగ్రీల సన్న గరాటు అడుగున 8 మీటర్ల వెడల్పు చోటే చూస్తుంది. 45 డిగ్రీల వెడల్పు గరాటు 33 మీటర్ల చోటు చూస్తుంది.

• ఒడ్డు దగ్గర, తక్కువ లోతులో వేట: 200 చాలు. రాయి, చేప విడివిడిగా కనిపిస్తాయి.
• ఎక్కువ లోతులో వేట: 50 కావాలి. లోతుకు చేరుతుంది గానీ బొమ్మ కాస్త మసకగా ఉంటుంది.
• రెండూ ఉన్న గుండు మరబోట్లకు మంచిది.

వెడల్పు గరాటులో కనిపించిన చేప సరిగ్గా మన కిందే ఉందని కాదు, పక్కన ఉండవచ్చు. ఇది తెలియక "మిషన్ అబద్ధం చెబుతోంది" అంటారు.

5. అంకెల దగ్గర చుక్క: ఇక్కడ పొరపాటు జరిగితే దారే తప్పుతాం

అక్షాంశం, రేఖాంశం మూడు రకాలుగా రాస్తారు. మీ సెట్టు ఏ రకంలో ఉందో, మీకు వచ్చిన కబురు ఏ రకంలో ఉందో చూసుకోవాలి.

మీకు "17 డిగ్రీల 30.5 నిమిషాలు" అని కబురు వచ్చిందనుకోండి.

• దాన్ని 17.305 డిగ్రీలు అని కొడితే, మీరు 22 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోతారు.
• దాన్ని 17 డిగ్రీల 30 నిమిషాల 50 సెకన్లు అని కొడితే, 600 మీటర్లకు పైగా ఉత్తరానికి తప్పుతారు.

చేపల కోసం తిరుగుతుంటే పోయేది డీజిలే. ఆపదలో ఇలా చెబితే రక్షణకు వచ్చే ఓడ వేరే చోట వెతుకుతుంది. బోటులో అందరి సెట్లూ ఒకే రకంలో పెట్టుకోండి. డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో పదో వంతులు అనే రకం సముద్రంలో ఎక్కువ వాడుక. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. ఇది గుర్తుంటే దూరం నోటితోనే లెక్క కట్టవచ్చు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కువగా దొరికే చోట్ల వివరాలు తెలుగులో కూడా ఇస్తుంది. సముద్రపు పై నీటి వేడి, నాచు రంగు ఉపగ్రహంతో చూసి ఇవి తయారుచేస్తారు. మన రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అని ఉంటుంది. జీపీఎస్, ఫిష్ ఫైండర్ రెండూ వాడటం వచ్చినవారికే ఈ సమాచారం పూర్తిగా పనికొస్తుంది.

6. పటానికి తెలియనివి

• మొగ: ఏటి మొగలో ఇసుక ఏటేటా జరుగుతుంది. తుపాను తర్వాత రాత్రికి రాత్రే మారిపోతుంది. నిరుడు గుర్తు పెట్టుకున్న దారిలో ఈ ఏడు ఇసుక మేట ఉండవచ్చు. మొగ దగ్గర జీపీఎస్‌ను కాదు, కళ్లను, లోతు అంకెను నమ్మండి. వేట మొదలైన తొలి రోజునే పగటి వెలుగులో కొత్త గుర్తులు పెట్టుకోండి.
• చమురు వేదికలు: కాకినాడ, కోనసీమ ఎదుట సముద్రంలో ఉన్న చమురు, గ్యాస్ వేదికల చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. జీపీఎస్‌లో ఆ చోట్లకు హెచ్చరిక మోత పెట్టుకోండి.
• ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు: ఇది సంప్రదాయ పడవల వేట ప్రాంతం. మరబోటు సరంగులు దూరం చూపించే అంకెను తెర మీద ఎప్పుడూ ఉంచుకుంటే గొడవలూ ఉండవు, జరిమానాలూ ఉండవు.
• గుర్తుల పుస్తకం: సెట్టు పాడైతే ఏళ్ల తరబడి దాచుకున్న గుర్తులన్నీ పోతాయి. ముఖ్యమైనవి ఒక నోటు పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టండి.

7. దుకాణంలో అడగాల్సినవి

• నీటి నుంచి రక్షణ ఎంత? ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. అంతకన్నా తక్కువది తెప్పకు వద్దు.
• ఎండలో తెర కనపడుతుందా? దుకాణం లోపల కాదు, బయట ఎండలోకి తెచ్చి చూడండి.
• తడి చేతులతో పనిచేస్తుందా? టచ్ తెర ఒక్కటే ఉంటే ఉప్పు నీటి చేతితో ఇబ్బంది. బటన్లు కూడా ఉన్నవి మేలు.
• 12 వోల్టులదా, 24 వోల్టులదా? మీ బోటుకు ఏది ఉందో ముందే తెలుసుకొని వెళ్లండి.
• బంగాళాఖాతం పటం అందులోనే ఉందా, వేరే డబ్బు కట్టాలా?
• రిపేరు ఎక్కడ చేస్తారు? విశాఖలోనా, కాకినాడలోనా, చెన్నై పంపాలా? ఎన్ని రోజులు?
• జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు, వారంటీ కార్డు ఇస్తారా? బిల్లు లేకుండా తగ్గింపు ధర అంటే ఒప్పుకోవద్దు. రాయితీ రాదు, వారంటీ రాదు.

8. బిగించేటప్పుడు

• ఇంజన్ స్టార్టు చేసే బ్యాటరీ, సామాను బ్యాటరీ వేర్వేరుగా ఉండాలి.
• ప్రతి సెట్టుకూ దాని ఫ్యూజు దానికే ఉండాలి. ఫ్యూజు పోతే తీగ చుట్టి నడపవద్దు, బోటే అంటుకుంటుంది.
• ఏంటెనా ఎంత ఎత్తున వీలైతే అంత ఎత్తున. తీగ కలిపే చోట నీరు చొరబడకుండా రబ్బరు టేపు చుట్టించండి.
• ఫిష్ ఫైండర్ గుండు ఫ్యానుకు, బుడగలు వచ్చే చోటుకు దూరంగా ఉండాలి. ఒంటి పొర ఫైబర్ అడుగైతే లోపలి నుంచి అతికించవచ్చు. కర్ర అడుగైతే, మధ్యలో ఫోము ఉన్న ఫైబర్ అయితే అలా పనిచేయదు.
• స్పీకర్లు, సెట్లు దిక్సూచికి కనీసం మీటరు దూరంలో పెట్టండి. దగ్గరుంటే ముల్లు తప్పు చూపిస్తుంది.

బిగించే పనికి మంచి కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం. బోటు ఒడ్డునే ఉంటుంది, నేర్చుకోవడానికి తీరికా ఉంటుంది.

9. రాయితీ ఎలా?

మత్స్య సంపద యోజన కింద లబ్ధిదారుడి పథకాల్లో జనరల్ వర్గాలకు యూనిట్ ఖర్చులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం ప్రభుత్వ సాయం. ఉదాహరణకు యూనిట్ ఖర్చు 35,000 రూపాయలు అనుకుందాం:

• 40 శాతం: ప్రభుత్వం 14,000, మీరు 21,000
• 60 శాతం: ప్రభుత్వం 21,000, మీరు 14,000

యూనిట్ ఖర్చుకు మించిన సామాను తీసుకుంటే, ఆ మించిన డబ్బంతా మీదే. బోటు ఇంటి ఆడవారి పేరు మీద ఉంటే వారి పేరుతోనే దరఖాస్తు పెట్టండి.

సిద్ధం చేసుకోవాల్సినవి: బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం, వర్తిస్తే కుల ధ్రువపత్రం, దుకాణం ఇచ్చిన ధరల కాగితం. బోటు అమ్మినా, ఇంజన్ మార్చినా రిజిస్ట్రేషన్‌లో ఆ మార్పు చేయించండి. కాగితం మీద ఒకరు, బోటు మీద ఒకరు ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది.

మంజూరు కాగితం చేతికి రాకముందు కొనవద్దు. మీ ఊరి సాగరమిత్ర, గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకులు దరఖాస్తుకు సాయం చేస్తారు. ఎవరికీ చేతి డబ్బు ఇవ్వక్కర్లేదు.

10. మనవాళ్లు అడిగేవి

"ట్రాన్స్‌పాండర్ పెడితే మా వేట చోటు అందరికీ తెలిసిపోతుందా?"
పక్క బోటు తెర మీద కనపడదు. సమాచారం ఉపగ్రహం ద్వారా పర్యవేక్షణ కేంద్రానికి పోతుంది. ఏఐఎస్ అలా కాదు, అది చుట్టుపక్కల అందరికీ కనపడేందుకే ఉంది. ఈ తేడా తెలుసుకోండి. భయపడి ట్రాన్స్‌పాండర్ కట్టేస్తే, మీరు తప్పిపోయిన రోజు వెతకడానికి ఆఖరి చుక్క కూడా ఉండదు.

"ఫోన్‌లో జీపీఎస్ ఉంది, అది చాలదా?"
ఫోన్ జీపీఎస్ సిగ్నల్ లేకపోయినా చోటు చెబుతుంది, నిజమే. కానీ పటం ముందే దింపుకొని ఉండాలి, ఛార్జింగు ఉండాలి, తడవకూడదు. రెండో దారిగా ఉంచుకోండి, మొదటి దారిగా వద్దు.

"డాట్ పొరపాటున నొక్కితే?"
దాచిపెట్టకండి. వెంటనే తీర రక్షక దళం నంబరు 1554కు, లేదా 16వ చానల్‌లో "పొరపాటు, మేం క్షేమం" అని చెప్పండి. చెప్పకపోతే మీ కోసం ఓడ బయలుదేరుతుంది. అదే సమయంలో నిజంగా మునిగేవారికి సాయం ఆలస్యమవుతుంది.

"సరంగుకు వస్తే చాలు కదా?"
చాలదు. సముద్రంలో పడిపోయేది సరంగే అయితే? బోటులో కనీసం ముగ్గురికి డాట్ నొక్కడం, వీహెచ్‌ఎఫ్‌లో పిలవడం, జీపీఎస్ అంకెలు చదవడం రావాలి. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి రోజే చూపించండి.

11. ఆపదలో పిలిచే పద్ధతి

వీహెచ్‌ఎఫ్ 16వ చానల్‌కు పెట్టి, బటన్ నొక్కిపట్టి, నిదానంగా చెప్పండి:

"మేడే, మేడే, మేడే.
ఇది (బోటు పేరు, నంబరు), మూడుసార్లు.
మేమున్న చోటు: అక్షాంశం ..., రేఖాంశం ...
జరిగింది: (నీళ్లు ఎక్కుతున్నాయి / మంటలు / మనిషి పడిపోయాడు)
బోటులో ఉన్నవారు: ... మంది.
సాయం కావాలి. ఓవర్."

బటన్ వదిలి వినండి. జవాబు రాకపోతే మళ్లీ చెప్పండి. ప్రాణాపాయం లేనప్పుడు మేడే వాడకూడదు. ఈ మాటలు కాగితం మీద రాసి, మీ బోటు పేరు, నంబరు నింపి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సెట్టు పక్కన అతికించండి. భయంలో మనిషికి తన బోటు నంబరు కూడా గుర్తుకు రాదు.

12. రేవు దాటేముందు ప్రతిసారీ

□ ట్రాన్స్‌పాండర్ లేదా డాట్ పనిచేస్తోంది, అందరికీ చేయి అందే చోట ఉంది
□ 16వ చానల్‌ వినిపిస్తోంది. మరో చానల్‌లో పక్క బోటుతో ఒకసారి మాట్లాడి చూశాం
□ చేతి సెట్లు పూర్తిగా ఛార్జి అయ్యాయి
□ జీపీఎస్‌లో రేవు, మొగ గుర్తులు ఉన్నాయి
□ బ్యాటరీ నీళ్లు, తీగలు చూశాం
□ దిక్సూచి, టార్చి, లైఫ్ జాకెట్లు ఎక్కించాం
□ వాతావరణ హెచ్చరిక చూశాం
□ ఎటు వెళ్తున్నామో, ఎప్పుడు వస్తామో, బోటులో ఎవరెవరు ఉన్నారో ఇంట్లో చెప్పాం

చివరి గడి మిగతా అన్నిటికంటే ముఖ్యం. చెప్పిన వేళకు బోటు రాకపోతే మొదట గమనించేది ఇంట్లోవాళ్లే. వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియాలి: తీర రక్షక దళం 1554, అత్యవసర నంబరు 112. ఈ రెండు నంబర్లు ఇంటి గోడ మీద రాసి ఉంచండి.